ఎర్టిగానా, కారెన్సా? ఆరుగురున్న ఇంటికి ఏ సీట్లు నప్పుతాయి

మీరు అడిగింది ఇది. ఇంట్లో ఆరుగురు: మీరు, మీ ఆవిడ, పదకొండేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, అమ్మానాన్న. నాన్నగారికి రెండు మోకాళ్లూ అరిగాయి. అమ్మగారికి కారెక్కితే వాంతులు. ఉండేది కరీంనగర్‌లో, ఏటా తిరుపతి ప్రయాణం తప్పదు, మధ్యలో పెళ్లిళ్లూ పేరంటాలూ. మారుతి ఎర్టిగా, కియా కారెన్స్ రెండూ చూశారు. షోరూమ్‌లో కూర్చుంటే రెండూ బాగానే ఉన్నాయి, ఏది తీసుకోవాలి?

నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ల సీట్ల పని చేస్తాను. కుషన్లు సరిచేయడం, ఫోమ్ మార్చడం, కవర్లు కుట్టడం. ఈ రెండు బండ్ల సీట్ల మీదా చేయి పడింది కాబట్టి ఇంజన్, మైలేజీ జోలికి వెళ్లకుండా కూర్చునే సంగతి ఒక్కటే చెప్తాను. మీ ఇంటికి కారెన్స్ తీసుకోండి, అది కూడా మధ్య వరుసలో బెంచ్, అంటే ముగ్గురు పక్కపక్కన కూర్చునే సీటు ఉన్న ఏడు సీట్ల బండి. కారణాలు పూర్తిగా చదవండి, ఎందుకంటే ఇంట్లో మనుషుల లెక్క కొంచెం మారినా నా సమాధానం మారిపోతుంది.

ముందు కొలతలు. ఎర్టిగా పొడవు 4395 మి.మీ., వెడల్పు 1735, ఎత్తు 1690, వీల్‌బేస్ (ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం) 2740. 2025లో వచ్చిన మార్పుల్లో పొడవు కాస్త పెరిగినా వీల్‌బేస్ అదే. కారెన్స్ పొడవు 4540, వెడల్పు 1800, ఎత్తు పైనున్న రెయిల్స్‌తో కలిపి 1708, వీల్‌బేస్ 2780. అదే కంపెనీ 2025లో తెచ్చిన కారెన్స్ క్లావిస్‌కు కూడా వెడల్పు, వీల్‌బేస్ ఇవే, కాబట్టి కింద చెప్పేదంతా దానికీ వర్తిస్తుంది. వీల్‌బేస్‌లో తేడా 40 మి.మీ., అంటే రెండు వేళ్ల మందం. అది చూసే చాలామంది రెండూ ఒకటేలే అనుకుంటారు. మీరు చూడాల్సింది వెడల్పులో ఉన్న 65 మి.మీ. తేడా. అదెందుకో కాసేపట్లో చెప్తాను.

మూడు వరుసల బండ్లలో లెగ్‌రూమ్, అంటే కాళ్లు పెట్టుకునే చోటు గురించి ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. మధ్య వరుస ముందుకూ వెనక్కూ జరుగుతుంది. సేల్స్ వాళ్లు మధ్య సీటు బాగా వెనక్కి జరిపి కూర్చోబెడితే 'అబ్బో, ఎంత చోటో' అనిపిస్తుంది. తర్వాత అదే సీటు ముందుకు జరిపి వెనక వరుసలో కూర్చోబెడితే అక్కడా బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఉన్న చోటు ఒక్కటే, దాన్నే రెండుసార్లు చూపించారు. అందుకని షోరూమ్‌లో ఈ వరుసలో చూడండి. ముందు మీరు డ్రైవర్ సీటు మీకు కావలసినట్టు పెట్టుకోండి. దిగి మీ వెనక సీట్లో కూర్చోండి. మోకాలికీ ముందు సీటుకీ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ ఉండేలా మధ్య సీటు జరపండి. ఇక దాన్ని ముట్టుకోకుండా వెళ్లి వెనక వరుసలో కూర్చోండి. ఇప్పుడు మోకాలికి తగలకుండా ఉంటేనే ఆ బండి ఆరుగురిని మోస్తుంది. అయిదున్నర అడుగుల మనిషి ఇలా కూర్చుంటే ఎర్టిగాలో కూడా కాళ్లు పడతాయి, అందులో అబద్ధం లేదు. కారెన్స్‌లో పట్టిన తర్వాత ఇంకా కాస్త మిగులుతుంది, పాదాలు ముందు సీటు కిందికి చాపుకోవడానికి కూడా వీలుంటుంది. పాదం ముందుకు పోయిందంటే మోకాలు కిందికి దిగుతుంది, మోకాలు దిగిందంటే తొడ కుషన్‌కు ఆనుతుంది. దూరప్రయాణంలో సుఖమంతా అక్కడే ఉంది.

దీన్ని ఇంకొంచెం వివరంగా చెప్పాలి. మామూలు కుర్చీలో కూర్చున్నప్పుడు బరువు పిరుదులూ తొడలూ పంచుకుంటాయి. వెనక వరుసలో నేల ఎత్తుగా, సీటు తక్కువ ఎత్తులో ఉంటుంది. కింద ఇరుసు, ఇంధనం ట్యాంకు, డిక్కీ నేల అన్నిటికీ చోటు కావాలి మరి. దాంతో మోకాళ్లు పైకి లేస్తాయి, తొడలు కుషన్ మీద నుంచి లేచిపోతాయి, బరువంతా పిరుదుల ఎముకల మీద పడుతుంది. పది నిమిషాలు ఏమీ తెలియదు. గంట దాటాక నడుము లాగుతుంది, మనిషి అటూ ఇటూ కదలడం మొదలుపెడతాడు. ఈ సమస్య రెండు బండ్లలోనూ ఉంది, కారెన్స్‌లో తక్కువ. సీటు మంచిదో కాదో చూడాలంటే కూర్చుని మీ అరచేయి మోకాలి వెనక తొడ కింద పెట్టండి. చేయి సులువుగా ఇటు నుంచి అటు పోయిందంటే అక్కడ ఆసరా లేనట్టే. ముందు సీట్లకైతే అంచున అంగుళం ఫోమ్ చేర్చి సరిచేయగలం. వెనక వరుసకు ఆ పని చేస్తే తల కప్పుకు తగులుతుంది. కాబట్టి వెనక వరుస ఎలా ఉందో అలాగే ఉంటుంది, తర్వాత బాగుచేయించుకుందామనుకోవడానికి లేదు.

కుషన్ మెత్తదనం గురించి కూడా అడిగారు. ఎర్టిగా సీట్లు మెత్తగా ఉంటాయి, కూర్చోగానే హాయి. కారెన్స్‌వి కాస్త బిగువుగా ఉంటాయి. ఎక్కగానే ఎర్టిగా బాగుందనిపించడం సహజం. నా అనుభవంలో నాలుగు గంటలు దాటే ప్రయాణానికి బిగువు సీటే మేలు. మెత్తటి ఫోమ్ బరువుకి అణిగిపోయాక కింద ఫ్రేము గట్టిదనం ఒంటికి తెలుస్తుంది, పైగా మనిషి లోపలికి దిగబడటంతో నడుము గుండ్రంగా వంగిపోతుంది. షోరూమ్‌లో పిడికిలితో కుషన్ మధ్యలో గట్టిగా నొక్కి చూడండి. కింద గట్టిగా తగిలితే అది సిటీలో తిరగడానికి సరిపోతుంది, కరీంనగర్ నుంచి తిరుపతికి కష్టం.

ఇక మీ ఆరుగురినీ కూర్చోబెడదాం.

అమ్మగారు ముందు సీట్లో కూర్చోవాలి. వాంతులు వచ్చేవాళ్లకు కళ్లకు ఎదుటి రోడ్డు కనబడాలి, ఒంటికి తెలిసే మలుపు కంటికీ తెలియాలి. వెనక వరుస ఇరుసు మీద ఉంటుంది కాబట్టి ప్రతి గుంతా అక్కడ ఎక్కువ ఎగరేస్తుంది, కిటికీ కూడా చిన్నది. తిరుమల కొండ దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది, దాని మీద 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఆ దారిలో వెనక వరుసలో కూర్చుంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే తిప్పుతుంది. ఈ ఒక్క విషయంలో ఎర్టిగాకు మంచి మార్కులివ్వాలి. పెద్ద అద్దాలు, లేత రంగు లోపలి భాగం, ఎటు చూసినా వెలుతురు. ఇరుకులో ఊపిరాడనట్టు ఉండేవాళ్లకు ఎర్టిగా నిజంగా హాయి. మీ అమ్మగారు ఎలాగూ ముందే కూర్చుంటారు కాబట్టి ఆ తేడా మీకు పెద్దగా పట్టదు.

నాన్నగారు మధ్య వరుసలో, ఎడమ పక్కన. మన దగ్గర ఆ పక్కే రోడ్డు అంచుకు వస్తుంది, దిగడానికి భయం ఉండదు. అమ్మగారు పొట్టిగా ఉంటే ముందు సీటు కాస్త ముందుకు జరపొచ్చు, అప్పుడు నాన్నగారికి కాళ్లు చాపుకునే వీలు దొరుకుతుంది. మరీ డాష్‌బోర్డుకు ఆనేంత జరపొద్దు, అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు సీటు ఎత్తు చాలా ముఖ్యం. సెడాన్‌లో కిందికి కూలబడాలి, లేవడం నరకం. స్కార్పియో లాంటి వాటిలో పైకి ఎక్కాలి. ఎర్టిగా, కారెన్స్ రెండిటిలోనూ సీటు దాదాపు నడుము కింది ఎత్తులో ఉంటుంది, పక్కకు తిరిగి కూర్చుని రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవచ్చు. ఈ విషయంలో రెండూ మంచివే. అయినా నాన్నగారిని షోరూమ్‌కు తీసుకెళ్లి ఎక్కించి దింపి చూడండి, ఎక్కడం కంటే దిగడం జాగ్రత్తగా గమనించండి. దిగేటప్పుడు చేయి దేనికోసం వెతుకుతుందో చూస్తే ఆ బండి ఆయనకు పడుతుందో లేదో తెలిసిపోతుంది.

పాపకు చైల్డ్ సీటు తప్పనిసరిగా పెట్టండి. రెండు బండ్లలోనూ మధ్య వరుసలో రెండు పక్కలా ఐసోఫిక్స్ కొక్కేలు, అంటే చైల్డ్ సీటును నేరుగా బిగించే కొక్కేలు ఉంటాయి. మీ వెనక, అంటే కుడి పక్కన బిగించండి. ఎడమ పక్క బిగిస్తే వెనక వరుసకు దారి మూసుకుపోతుంది, ఎందుకంటే చైల్డ్ సీటు బిగించిన సీటును మడవలేరు.

మీ ఆవిడ మధ్యలో, మామగారికీ పాపకీ నడుమ. వెడల్పు అవసరం ఇక్కడే వస్తుంది. చైల్డ్ సీటు వెడల్పు సుమారు 44 సెం.మీ. పెద్దమనిషి భుజాలు కూడా ఇంచుమించు అంతే. ముగ్గురికీ కలిపితే 130 సెం.మీ. పైన. పైకి 1735 మి.మీ. అన్న దాంట్లో రెండు తలుపుల మందం, చేతులు ఆన్చుకునే ప్యాడ్లు పోవాలి. ఎర్టిగాలో ఈ ముగ్గురూ పడతారు, కాకపోతే భుజాలు ఒరుసుకుంటాయి, మధ్యలో ఉన్నవాళ్లు కొంచెం ముందుకు జరిగి కూర్చోవాల్సి వస్తుంది. చైల్డ్ సీటు పక్కన బెల్టు బకల్ పెట్టుకోవడం కూడా తిప్పలే, వేళ్లు దూరవు. కారెన్స్‌లో ఆ 65 మి.మీ. సరిగ్గా ఇక్కడ అక్కరకొస్తుంది. ఇద్దరే కూర్చునే ఇళ్లలో ఈ తేడా తెలియను కూడా తెలియదు. మీరు కొనబోయే వేరియంట్‌లో మధ్య సీటుకు భుజం మీదుగా వచ్చే బెల్టు, తల ఆన్చుకునే హెడ్‌రెస్ట్ ఉన్నాయో లేదో ఆ బండిలోనే కళ్లారా చూసుకోండి. అవి లేని చోట మీ ఆవిడను గంటల తరబడి కూర్చోబెట్టొద్దు.

బాబు వెనక వరుసలో ఒక పక్క. రెండో పక్క సీటు మడిచి దాని మీద సామాను. రెండిటిలోనూ వెనక వరుస 50:50గా విడివిడిగా మడవొచ్చు. ఈ ఏర్పాటు ఎందుకంటే, మూడు వరుసలూ నిలబెడితే డిక్కీ ఎర్టిగాలో 209 లీటర్లు, కారెన్స్‌లో 216. ఆ ఏడు లీటర్ల తేడా లెక్కలోకి రాదు. రెండిటిలోనూ రెండు చిన్న ట్రాలీ బ్యాగులూ, సందులో ఒకటి రెండు మెత్తటి సంచులూ పడతాయి, అంతే. ఆరుగురి తిరుపతి సామాను అందులో పట్టదు. ఎర్టిగాలో వెనక వరుస మొత్తం మడిస్తే 550 లీటర్లు వస్తుంది, సగం మడిస్తే ఎంత కలిసొస్తుందో ఊహించుకోండి. బాబు పక్కన పెట్టే పెట్టెలను మాత్రం తాడుతోనో నెట్‌తోనో కట్టండి. గట్టి బ్రేకు పడితే వదులుగా ఉన్న పెట్టె నేరుగా పిల్లాడి మీదికి వస్తుంది.

బాబు ఎక్కి దిగాలంటే నాన్నగారి సీటు కదిలించాలి. ఎర్టిగాలో సీటు వీపు ముందుకు వాలి, సీటు మొత్తం ముందుకు జరుగుతుంది. సందు వస్తుంది, కానీ కొంచెం మెలి తిరిగి దూరాలి. పిల్లలకు ఇబ్బంది లేదు, చీర కట్టుకున్నవాళ్లకూ లావుగా ఉన్నవాళ్లకూ ఇబ్బందే. కారెన్స్‌లో ఎడమ సీటు బటన్ నొక్కితే మడుచుకుని ముందుకు దొర్లిపోతుంది, నేల మీద అడుగు పెట్టేంత దారి ఏర్పడుతుంది. ఆ బటన్ సౌకర్యం మీరు బుక్ చేసే వేరియంట్‌లో ఉందా అన్నది అడిగి రాయించుకోండి. ఏ బండైనా బాబు ముందు ఎక్కాలి, నాన్నగారు చివర. ఆగినచోట నాన్నగారు ముందు దిగాలి. టీ కోసం ఆపినప్పుడు ఆయన ఎలాగూ దిగి నాలుగడుగులు వేయాలి కదా, మోకాళ్లు బిగుసుకోకుండా.

మరి ఆరు సీట్ల కారెన్స్ ఎందుకు వద్దన్నాను? విడివిడిగా ఉండే రెండు కెప్టెన్ సీట్లు చూడ్డానికి దర్జాగా ఉంటాయి, నిజంగా సుఖంగానూ ఉంటాయి. వాటి మధ్య సందులోంచి బాబు ఎవరినీ లేపకుండా వెనక్కి వెళ్లిపోవచ్చు, అది మంచి సదుపాయమే. కానీ మీ లెక్క చూడండి. మధ్యలో ఇద్దరికే చోటు. నాన్నగారు ఒకటి, పాప చైల్డ్ సీటు ఒకటి. మీ ఆవిడ బాబుతో పాటు వెనక వరుసకు పోవాలి. పాప ఏడిస్తే అందుకోవడానికి వెనక నుంచి వంగాలి. వెనక రెండు సీట్లూ నిండిపోతే సామానుకు 216 లీటర్ల డిక్కీ ఒక్కటే దిక్కు, ఇక పైన క్యారియర్ కట్టాలి. నలుగురు పెద్దవాళ్లుండి, చైల్డ్ సీటు అవసరం లేని ఇంటికి ఆరు సీట్లు బాగుంటాయి. మారుతి ఎక్స్ఎల్6 కూడా అలాంటి ఇళ్లకే, అది ఎర్టిగా వీల్‌బేస్ మీదే వచ్చిన ఆరు సీట్ల బండి.

ఏసీ గురించి రెండు మాటలు, ఎందుకంటే మే నెలలో వెనక కూర్చున్నవాళ్లకు గాలి తగలకపోతే ఏ కుషనూ కాపాడదు. కారెన్స్‌లో మధ్య, వెనక వరుసలు రెండిటికీ కప్పులోనే వెంట్లున్నాయి. ఎర్టిగాలో మొదట కప్పు వెంట్లు మధ్య వరుస దగ్గరే ఉండేవి, వెనకవాళ్లకు మిగిలిన గాలే అందేది. 2025లో మధ్య వరుస వెంట్లను ముందు సీట్ల మధ్య కన్సోల్ వెనక్కి మార్చి, వెనక వరుసకు బ్లోయర్‌తో సహా వేరే వెంట్లు ఇచ్చారు. కాబట్టి కొత్త ఎర్టిగా అయితే ఈ ఫిర్యాదు చాలావరకు తీరినట్టే. సెకండ్ హ్యాండ్ ఎర్టిగా చూస్తుంటే మాత్రం మధ్యాహ్నం ఎండలో వెనక వరుసలో అరగంట కూర్చుని తేల్చుకోండి.

సీఎన్‌జీ గురించి కూడా చివర్లో అడిగారు. ఎర్టిగా సీఎన్‌జీలో 60 లీటర్ల సిలిండర్ డిక్కీలోనే ఉంటుంది. మూడు వరుసలూ వాడితే సామానుకు చోటు లేనట్టే. రోజూ ఆఫీసుకు తిరిగి, ఊళ్లకు ఎప్పుడో వెళ్లేవాళ్లకు అది లాభం. మీ ప్రయాణాలకు కుదరదు.

ఎర్టిగా ఎవరికి మంచిదో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. మామూలుగా నలుగురైదుగురు తిరుగుతూ, చుట్టాలొచ్చినప్పుడే మూడో వరుస తీసేవాళ్లకు, సందుల్లో పార్కింగ్ చేసుకోవాల్సినవాళ్లకు, పిల్లలిద్దరూ చైల్డ్ సీటు వయసు దాటినవాళ్లకు నేను ఎర్టిగానే చెప్తాను. తేలికగా ఉంటుంది, నడపడానికి అలసట ఉండదు, మధ్య వరుసలో ఇద్దరు కూర్చుంటే రాజభోగం. మీ ఇంట్లో పాపకు పదేళ్లు దాటి ఉంటే ఈ సమాధానం అటువైపే మొగ్గేదేమో.

టెస్ట్ డ్రైవ్‌కు ఆరుగురినీ తీసుకెళ్లండి. ఒక్కరే వెళ్లి చూస్తే వచ్చే అభిప్రాయం మీ ప్రయాణానికి పనికిరాదు. చైల్డ్ సీటు ఇంట్లో ఉంటే అదీ పట్టుకెళ్లి బిగించమనండి. సేల్స్ వాళ్లు తొందరపెడితే పెట్టనివ్వండి, కనీసం అరగంట కూర్చోండి, స్పీడు బ్రేకర్లున్న రోడ్డు మీదికి తీసుకెళ్లమనండి. తిరిగి వచ్చాక నాన్నగారినీ మీ ఆవిడనూ విడివిడిగా అడగండి. పెద్దాయన ఎదురుగా అడిగితే ఆవిడ 'బాగానే ఉంది' అనే అంటారు, కానీ ఆ నడి సీట్లో గంటల తరబడి కూర్చోవాల్సింది ఆవిడే.

బండి వచ్చాక నిండా మనుషులతో వెళ్లేటప్పుడు డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కు ఎంత గాలి పెట్టాలో రాసి ఉంటుంది, అంత పెట్టించండి. టైర్లలో గాలి తక్కువైతే వెనక భాగం ఇంకా కుంగి, బాబు కూర్చునే సీటే ఎక్కువ ఊగుతుంది. నాన్నగారి నడుము వెనక చుట్ట చుట్టిన తువ్వాలు చాలు, వందలు పోసి దిండ్లు కొననక్కర్లేదు.

ఇక నా పనికి సంబంధించిన సంగతి. డెలివరీ సమయంలో సీట్ కవర్లు ఉచితంగా వేయిస్తామంటారు. కారెన్స్‌లో మొదటి నుంచీ, ఎర్టిగాలో 2025 నుంచీ అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు వస్తున్నాయి. వాటిలో రెండు ముందు సీట్ల వీపులోనే, తలుపు వైపు అంచున కుట్టు కింద దాగి ఉంటాయి. సీటు పక్కన చిన్న ట్యాగ్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటుంది, వేలితో తడిమితే దొరుకుతుంది. దాని మీద మామూలు కవరు బిగించి కుడితే ప్రమాదం జరిగినప్పుడు బ్యాగు సమయానికి బయటికి రాలేదు. ఆ చోట సులువుగా చిరిగే ప్రత్యేకమైన దారంతో కుట్టాలి, అలా కుట్టినవని నమ్మకం లేని కవరును నేను ముందు సీట్లకు వేయను. ముందు సీట్ల నుంచి చల్లగాలి వచ్చే వేరియంట్ అయితే, కవరు వేస్తే ఆ రంధ్రాలూ మూసుకుపోతాయి. బుకింగ్ ఫారం మీదే 'ముందు సీట్లకు కవర్లు వద్దు' అని రాయించండి. పాప పాలు ఒలకబోస్తుందనుకుంటే మధ్య బెంచ్‌కు వేయించుకోండి, చైల్డ్ సీటు కొక్కేల దగ్గరా బెల్టు బకల్స్ దగ్గరా రంధ్రాలు సరిగ్గా కోశారో లేదో డెలివరీ తీసుకునే ముందు చేయి పెట్టి చూసుకోండి.